ఒంటిమీది అక్షరం

లారీ వెనుక రాత, ఆటోమీది బొమ్మ, అంగడి పలకపై రంగుల అక్షరం, వాకిట ముగ్గు - నిత్యం కంటబడుతున్నందున వీటిని మనం కళగా ఎంచము. ముంబయిలో 1997లో రంజీవ్ రామ్‌చందానీ ప్రారంభించిన ‘తంత్ర’ సంస్థ ఇటువంటి వీధి దృశ్యాలనే హాస్యం జోడించి టీ షర్టులపైకి తెచ్చింది. విదేశీ పేర్లున్న చొక్కాలే నాగరికమనుకొన్న యువతకు, తమ వీధి బొమ్మ కూడ ధరించదగినదేనని చూపింది. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య వాహనాలపై ‘హారన్ ఓకే ప్లీజ్’ రాతను నిషేధించింది. బండిమీద వద్దన్న మాట బట్టమీద నిలిచింది.

‘తంత్ర’ చొక్కాలపై మాట ఎక్కువగా ఇంగ్లీషే. తమిళులు మరొక అడుగు వేశారు. 2020 సెప్టెంబరులో, తమకు హిందీ రాదని తమిళుల మాటతీరులోనే చాటే టీ షర్టులను సినీ కళాకారులు ధరించగా, యువత వాటికోసం ఎగబడింది.

మరి మన సంగతి? షోలాపూరు మగ్గాల వెనుక తెలంగాణ నుండి తరలివెళ్లిన పద్మశాలీల తరతరాల శ్రమ ఉన్నది. బట్ట నేసిన చేతులు మనవి. ఆ బట్టమీద మన అక్షరం ఎంత కనబడుతున్నది? తమిళనాట 2006 నాటి చట్టం తమిళాన్ని తప్పనిసరి చేసిన పిమ్మట బడిలో తెలుగుకు చోటు కుంచించుకుపోయింది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల పిల్లవానికి అన్న చొక్కాపై కనబడిన ‘అ’ అక్షరమే తొలిపాఠం కావచ్చును. చొక్కా బడికి బదులు కాజాలదు; బడిలో హక్కుకోసం అడగడం మానరాదు. కాని అక్షరాన్ని చూసి గర్వించని బిడ్డ దానికోసం ఎందుకు అడుగుతాడు?

ఒక్క హెచ్చరిక. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసే పెయింటర్ల జీవనాన్ని దెబ్బతీశాయి. వారి రాతను తీసుకొని పేరును విడిచిపెట్టడం అన్యాయం. ఢిల్లీ కళాకారుడు హనీఫ్ ఖురేషీ వీధి పెయింటర్ల అక్షరాలను కంప్యూటర్ ఫాంట్లుగా మలచి, వాటికి ఆ పెయింటర్ల పేర్లే పెట్టారు. అదీ మర్యాద.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ఆ నాటికి ప్రతి ఊరి యువజనులు తమ ఊరి పెయింటరు చేత ఊరి పేరును తెలుగులో రాయించి, అమ్మ వేసే ముగ్గును పక్కన చేర్చి, చొక్కాలపై అచ్చువేయించాలి. అంచున పెయింటరు పేరుండాలి. అతని చేతికి కూలి ముట్టాలి. ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు. మనం పూనుకొంటే చాలు.