జర్నలిజం సీటుకు ఎకరం అమ్మాలా?

ఇంటర్ పూర్తిచేసిన ఒక మాదిగ అమ్మాయి మొన్న తండ్రిని వెంటబెట్టుకొని నా గదికి వచ్చింది. విలేకరి కావాలన్నది ఆమె కోరిక. నగరంలోని ఒక ప్రైవేటు కళాశాలలో మాస్ కమ్యూనికేషన్ డిగ్రీకి సీటు ఇస్తామన్నారట. ఫీజు కోసం ఉన్న ఎకరన్నరలో ఎకరం అమ్మాలని తండ్రి నిర్ణయం. ‘అక్కడ స్టూడియో కూడా ఉంది సార్’ అన్నాడాయన. అమ్మవద్దన్నాను.

1996లో ఢిల్లీలో ఒక అమెరికన్ విలేకరి దళిత పాత్రికేయుడి కోసం వెతికితే ఒక్కరూ దొరకలేదని బి.ఎన్. ఉనియాల్ ‘పయనీర్’లో రాశారు. పదేళ్ల తర్వాత, 2006లో, యోగేంద్ర యాదవ్, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాధికారం గల 315 మందిని పరిశీలించారు. వారిలో దళితులు, ఆదివాసులు సున్నా. ఆ తర్వాత నా తరగతుల నుంచే ఎందరో దళిత విద్యార్థులు జర్నలిజం పట్టాలతో బయటికి వెళ్లారు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ 121 నాయకత్వ స్థానాలను లెక్కిస్తే 106 అగ్రకులాలవి. ఎస్సీ, ఎస్టీలు మళ్లీ సున్నా.

రిజర్వేషన్ విశ్వవిద్యాలయం గేటు దగ్గర ఆగిపోతుంది. న్యూస్‌రూమ్ కొలువులు చాలావరకు పరిచయాలతో నిండుతాయి. ఖరీదైన కళాశాల అమ్మేది ఆ పరిచయాలనే, అవీ అందరికీ ఒకే ధరకు దక్కవు. పాతికేళ్ల క్రితం ఒక పత్రికలో ఇంటర్వ్యూకు వెళితే, నా అనువాదం చూడకముందే ఇంటిపేరు, ఊరు, ఊళ్లో ఎటువైపు అని అడిగారు. (నేను పరిశోధనకు రావడానికి చదువు మీద ప్రేమ ఒక్కటే కారణం కాదు.)

ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం తీసుకొమ్మన్నాను. కుదిరితే గణాంకశాస్త్రం తోడుగా. 1920లో ‘మూక్‌నాయక్’ స్థాపించిన అంబేడ్కర్ చదివిందీ అర్థశాస్త్రమే. కెమెరా, ఎడిటింగ్ కొన్ని నెలల పని. బడ్జెట్ చదవడం అలాంటిది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఆ పద్దుల కింద కేటాయించిందెంత, ఖర్చయిందెంత, దేనికి మళ్లిందని పేజీ చూపి నిలదీయగల విలేకరిని సంక్షేమ హాస్టళ్ల వార్తలకే పరిమితం చేయడం కష్టం. జర్నలిజం తర్వాత పీజీలో చదవవచ్చు. ఉస్మానియాలో ఆ శాఖ 1954 నుంచీ ఉంది. దినపత్రికల సొంత స్కూళ్లయితే శిక్షణలో భృతి కూడా ఇస్తాయి.

అంతా విని ఆ అమ్మాయి అడిగింది: ‘అర్థశాస్త్రం చదివినా ఇంటిపేరు అడుగుతారు కదా సార్?’

అడుగుతారమ్మా అన్నాను. తండ్రి మాత్రం, పొలానికి ఇంకా బయానా తీసుకోలేదని చెప్పాడు.