కొట్టంలో విడిది

సెలవులకు పొలంలో విడిది చేయడం పట్టణవాసులకు ఈనాడొక వేడుక అయినది. పాత పశువుల కొట్టానికి సున్నం వేసి, మంచాలు పరచి అతిథులను దించుతున్నారు. దీనిని నేను ఆక్షేపించను. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చిన పిదప ఊరూరా కొట్టాలు బోసిపోయినవి. కూలిపోవుటకంటె మనుష్యులు మసలుటే మేలు.

గత దసరా సెలవులలో, గద్వాల సమీపాన ఒకనాటి నా శిష్యుని చేనిలో, అటువంటి కొట్టంలో మూడు రాత్రులు గడిపినాను. మేత వేసే గాడిలో పుస్తకాలు పేర్చినారు. ఎద్దులను కట్టిన గుంజకు దీపం వేలాడుతున్నది. ముచ్చటగానే ఉన్నది. అయితే కొట్టం చుట్టూ పచ్చిక పెంచి, కంచె వేసినారు. విత్తనపత్తి చేను కంచెకు అవతల.

కొట్టాన్ని విడిదిగా మార్చడం ఇటలీవారికి కొత్త కాదు. 1985లోనే వారు దీనికొక చట్టం చేసినారు. సేద్యానికి ఇక అవసరం లేని కట్టడాలను అతిథులకు ఇవ్వవచ్చును. కాని సేద్యమే ప్రధానంగా సాగవలెను, ఆతిథ్యం దానికి తోడుగా మాత్రమే ఉండవలెను. మంచి నియమం. మన కంచె దానికి పూర్తిగా విరుద్ధం.

ఎందుకంటే, కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నడిగడ్డలో చూడదగినది ఆ చేనే. ప్రపంచంలో తొలి వాణిజ్య సంకర పత్తి 1970లో గుజరాత్‌లో వెలువడినది. నాటినుండి నేటివరకు ఆ విత్తనానికి అధికభాగం చేతిపనియే ఆధారం. సాయంకాలం మొగ్గను విప్పి, కీలానికి గాయం కాకుండా కేసరాలను గోటితో తీసివేయవలెను; మరునాటి ఉదయం వేరొక రకపు పువ్వును తెచ్చి కీలాగ్రానికి రాయవలెను. మొగ్గమొగ్గకూ ఇదే పని. మనం నల్లబల్లపై బొమ్మ గీసి వల్లెవేయించే పరపరాగ సంపర్కం ఇదే గదా! చిన్నవేళ్లు ఈ పనికి అనువని బాలికలను బడి మాన్పించిన రోజులను పాలమూరు ఉపాధ్యాయులు మరువజాలరు.

నాతోపాటు దిగిన పట్టణపు పిల్లలు మూడు దినాలూ పచ్చికలో బంతాట ఆడినారు. ఆ మొక్క ఏమిటని ఒక్కరూ అడుగలేదు. వారిని ఉదయమే చేనికి తీసుకొనిపోయి, పని చేసేవారిచేతనే పాఠం చెప్పించమనీ, కంచె తీసివేయమనీ శిష్యునితో అన్నాను.

“మందు కొట్టిన చేను సార్, పిల్లలు ముట్టుకుంటే ఎట్ల?” అన్నాడు.

చేనిలో అప్పటికే ఆడకూలీలు సాళ్లవెంట పువ్వులు రాస్తున్నారు. వారి చేతులకు తొడుగులు లేవు.