తాళము వేసిన యిల్లు

ఈ నెల మా వీధిలో రెండిండ్లు దోచబడినవి. తాళములు చెక్కుచెదరలేదు, గొళ్లెపు మేకులే యూడివచ్చినవి. ద్వారబంధము పుచ్చినదైనచో తాళమెంత గట్టిదైన నేమి ఫలము? వడ్రంగిని పిలిపించి, పుచ్చిన కొయ్యను మార్పించి, పొడుగు మరమేకులు బిగింపింపుడు.

శూద్రకుని మృచ్ఛకటికమున, మూడవ యంకమందు, శర్విలకుడు కన్నమునకై నిత్యము అర్ఘ్యజలము పడి నానిన చోటునే యెంచుకొనును. అయినను నగలమూటను వాని చేతికందించినది నిద్రలో కలవరించు మైత్రేయుడే గదా! వసంతసేన నమ్మి దాచిన సొమ్మది. మన ప్రయాణమును ఛాయాచిత్రములతో సెల్‌ఫోనులో చాటుకొనుట యట్టి కలవరింతయే.

పొరుగింటి వదినగారికి మాత్రము చెప్పి, సంధ్యవేళ దీపము పెట్టుడని, గుమ్మమున పత్రికలు పేరుకొననీయవలదని కోరుడు. తాళపుచెవిని తులసికోటలో దాచుట దొంగలందరెరిగిన రహస్యమే! తిరిగి వచ్చునప్పటికి తలుపు తెరచియున్నచో, లోనికి బోక, ఏమియు ముట్టక, 112 నకు ఫోను చేయుడు.