బోల్టులు కలిస్తే చాలదు

సంపాదకులకు,

పాత ట్రాక్టర్ల వ్యాసంలో ‘మెస్సీ ఇంజిన్లన్నీ ఒకటే, ఏది దేనికైనా పడుతుంది’ అని తేల్చేశారు. అదెట్లండీ? మెస్సీ ఫెర్గూసన్ 35లోనే మొదట నాలుగు సిలిండర్ల స్టాండర్డ్ డీజిల్ ఇంజిన్, తర్వాత మూడు సిలిండర్ల పెర్కిన్స్ వచ్చాయి. పైగా వీటికి లారీకున్నట్టు విడిగా ఛాసీ ఉండదు. ముందు ఇరుసు మోసేది ఇంజినే, వెనక క్లచ్ హౌసింగ్‌ను పట్టుకునేదీ అదే. పొడవులో కాస్త తేడా వచ్చినా బానెట్ మొదలు స్టీరింగ్ రాడ్ల దాకా పేచీయే. మా పుంగనూరు మెకానిక్ అన్న పాత ఇంజిన్ బేరానికి ముందే ఫ్లైవీల్ కొలిచి, క్లచ్ ప్లేటు లోపలి పళ్లు లెక్కబెడతాడు. డైనమో, సెల్ఫ్ మోటారు లాంటివైతే మదనపల్లెలో దొరికినవి సర్దుకోవచ్చు, అది వేరే సంగతి.

ఆర్సీ మాటే మీరు ఎత్తలేదు. ఇంజిన్ నంబరు అందులో మార్పించకపోతే రేపు అమ్ముకోలేం. కుప్పం రైతులు రాష్ట్ర సరిహద్దు దాటి పాత ఇంజిన్ తెచ్చుకుంటే బిల్లు తప్పక అడగాలి.

— ఒక రైతు, పుంగనూరు