ఆరో తరగతి బిడ్డకు పెద్దదిక్కు ఎవరు?

పిల్లవాడు బడి మానేశాడన్న కబురు మనకు అందేసరికి, అతడు మనసులో బడి మానేసి చాలా కాలమై ఉంటుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఈ తెగతెంపులు నిశ్శబ్దంగా మొదలవుతాయి. అంతవరకూ ఒకరిద్దరు ఉపాధ్యాయుల నీడన పెరిగిన బిడ్డకు గంటకొక మాస్టారు వచ్చిపోతారు. ఉర్దూ మాధ్యమం నుంచి తెలుగుకో, ఇంగ్లీషుకో మారిన బిడ్డ అర్థంకాని పాఠం ముందు మౌనంగా కూర్చుంటుంది. అబ్బాయిని మెకానిక్ షెడ్డు పిలుస్తుంది. అమ్మాయిని ఇంటిపని ఆపుతుంది. ఆ మౌనాన్ని గమనించే బాధ్యత ప్రత్యేకంగా ఎవరిదీ కాదు.

6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖం చూడలేదనో, మధ్యలో మానేశారనో సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ఎనిమిదో తరగతి లోపు మైనారిటీ పిల్లలకు అందుతున్న కేంద్ర ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని 2022లో నిలిపివేశారు. ఆ వేతనం కోసం పోరాడవలసిందే. దానితోపాటు, పెద్దగా ఖర్చులేని మరో హక్కును కూడా మనం అడగాలి. అదే విద్యార్థి సలహా కార్యక్రమం.

పదిహేను, ఇరవై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు లేదా ఉపాధ్యాయిని పెద్దదిక్కుగా ఉండాలి. ఆరో తరగతిలో చేపట్టిన బృందాన్ని వీలైనంతవరకు ఎనిమిదో తరగతి దాకా వారే నడిపించాలి. వారానికి రెండు పూటలు, అరగంట చొప్పున, కాలపట్టికలోనే దానికి చోటుండాలి. ఆ అరగంటలో పాఠం చెప్పకూడదు, పరీక్ష పెట్టకూడదు. హాజరు ఎందుకు తగ్గింది, ఏ పాఠం భయపెడుతోంది, ఎనిమిది తర్వాత ఏ దారులున్నాయి అన్నవే అక్కడి మాటలు. నెలకొకసారి ఇంటివారితో మాట్లాడాలి. ఫిర్యాదు ఉన్నప్పుడే కాదు, బిడ్డ బాగా చేసినప్పుడు కూడా.

ఉపాధ్యాయులకు ఇది అదనపు భారమని కొందరంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. విద్యాహక్కు చట్టం సన్నాహక సమయంతో కలిపి వారానికి కనీసం 45 పనిగంటలు నిర్దేశించింది. ఈ పని ఆ గంటల్లోనే లెక్కకు రావాలి, వాటికి అదనంగా కాదు. ఇంటి గుట్టు బడికెందుకని మరికొందరంటారు. వారి భయమూ తోసిపుచ్చదగినది కాదు. అందుకే నియమాలు ముందే రాసుకోవాలి. బిడ్డ చెప్పిన మాట స్టాఫ్ రూములో కబురు కాకూడదు; ప్రాణానికో, శరీరానికో ముప్పున్నప్పుడు మాత్రమే పై వారికి చెప్పాలి. అలాంటి వేళ పిల్లల సహాయ సంఖ్య 1098 ప్రతి బిడ్డకూ తెలిసి ఉండాలి. బృందాలు అన్ని మతాల, కులాల పిల్లలతో కలిసి ఉండాలి. మన పిల్లలను విడిగా కూర్చోబెట్టి దుస్తుల గురించి, ఆచారాల గురించి ప్రశ్నించే వేదికగా ఇది మారితే మేమే మొదట వ్యతిరేకిస్తాం.

ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలని చట్టం చెబుతోంది. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేసేదీ ఆ కమిటీయే. మన తల్లులు సంతకానికే పరిమితం కాకుండా ఆ సమావేశంలో కూర్చొని ఒక్క ప్రశ్న వేయాలి: నా బిడ్డ నాలుగు రోజులు బడికి రాకపోతే, ఎందుకని అడిగే మనిషి ఇక్కడ ఎవరు? ఆ ప్రశ్నకు ఒక పేరు జవాబుగా వచ్చిననాడే ఈ కార్యక్రమం మొదలైనట్టు.