ఒకటో తారీఖు లేని కొలువులు

హైదరాబాద్ జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకు దారి మూసింది. ఫ్యాక్టరీలు రాని మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతంలో కళాశాలలు వచ్చాయి. అజీజ్‌నగర్, చిలుకూరు, యెన్కేపల్లి ఇంజినీరింగ్ చదువులకు చిరునామాలయ్యాయి. అందుకే ఇక్కడ ఉద్యోగుల ఒత్తిడి గురించి మాట్లాడితే అధ్యాపకుల గురించి మాట్లాడాల్సిందే.

యూజీసీ 2018 నిబంధనల లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. ల్యాబ్ రికార్డులు దిద్దడం, హాజరు తగ్గిన పిల్లల ఇళ్లకు ఫోన్లు చేయడం, న్యాక్ గుర్తింపు ఫైళ్లు నింపడం ఆ పైన పడే పనులు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ఫలితాలు వస్తే చాలాచోట్ల విద్యార్థుల ర్యాంకులు, ఫోన్ నంబర్లున్న జాబితా కూడా చేతికొస్తుంది. ఇన్ని సీట్లు నింపాలన్నది టార్గెట్. పాఠం చెప్పడానికి చేరిన మనిషి సీట్ల కోసం బతిమాలాల్సి రావడంతోనే ఉద్యోగం మీద మనసు విరుగుతుంది.

బరువైన పని ఒక్కటే మనిషిని కుంగదీయదని, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ లేనప్పుడే కుంగుతాడని 1979లో రాబర్ట్ కరాసెక్ సిద్ధాంతీకరించారు. శ్రమకు తగ్గ జీతం, గౌరవం, భద్రత దక్కకపోతే ఆరోగ్యమే దెబ్బతింటుందని 1996లో జోహానెస్ సీగ్రిస్ట్ వివరించారు. మన ప్రైవేటు అధ్యాపకులకు చాలాచోట్ల ఆ స్వేచ్ఛా లేదు, ఆ ప్రతిఫలమూ లేదు.

సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2019లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూలవేతనం రూ.57,700గా నిర్ణయించింది. దాన్ని అందుకోని ప్రైవేటు అధ్యాపకులు ఎందరో. విద్యార్థుల ఫీజును సర్కారే కట్టే పథకంగా 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కళాశాలలు బంద్‌కు దిగాయి. సర్కారు నుంచి డబ్బు రాకపోతే యాజమాన్యాలు ముందుగా ఆపేది జీతాలనే. పోనీ మానేద్దామంటే, తమ ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉన్నాయన్న భయం కొందరిది.

ఇన్ని ఉన్నా వీళ్లు పాఠం మానరు. పరిగి, వికారాబాద్ పల్లెల నుంచి వచ్చిన పిల్ల తన ఇంట్లో తొలి ఇంజినీరైతే ఆ సంతోషంలో మాస్టారి వాటా ఉంటుంది. అంటే బోధనలో తృప్తి ఇంకా ఉంది. దాన్ని హరిస్తున్నది చుట్టూ ఉన్న ఏర్పాటు.

కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచం ఏటా సుమారు 1,200 కోట్ల పనిదినాలు పోగొట్టుకుంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పని పరిస్థితులనే మార్చాలని 2022లో ఆ సంస్థ సూచించింది కూడా. ఏడాదికోసారి యోగా శిబిరం పెట్టి ఊరుకుంటే చాలదు. బకాయిల విడుదలకు సర్కారు ఒక తేదీ కట్టుబడి చెప్పాలి. అడ్మిషన్ల టార్గెట్లను యాజమాన్యాలు ఎత్తేయాలి, సర్టిఫికెట్లు తిరిగివ్వాలి, టైంటేబుల్ వేసేటప్పుడు అధ్యాపకుల మాట వినాలి. జీతం బ్యాంకులో పడిన రుజువు చూశాకే విశ్వవిద్యాలయం అనుబంధ గుర్తింపును పునరుద్ధరించాలి.