నాన్న కొట్టమన్నాడు... కొట్టాలా?

‘ఎవరైనా కొడితే తిరిగి కొట్టు... ఏడుస్తూ ఇంటికి రాకు!’ స్కూల్లో దెబ్బలు తిన్న పిల్లాడికి చాలామంది నాన్నలు చెప్పే మాటే ఇది. నాన్న చెప్పాడు కాబట్టి అది ఒప్పయిపోతుందా?

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరంలో ఇలాంటి ప్రశ్నలే ఓ బడిలో పాఠాలయ్యాయి. ఆర్డోయిన్ అనే పేద కార్మికవాడలో ఉంది ఆ ‘హోలీ క్రాస్’ బాలుర ప్రాథమిక పాఠశాల. క్యాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య మూడు దశాబ్దాల పాటు సాగిన హింసను చూసిన చోటు అది. ఆ హింసలో మొత్తం 3,500 మందికి పైగా చనిపోయారు. 1998లో శాంతి ఒప్పందం కుదిరినా పగలు చల్లారలేదు. 2001లో అదే ప్రాంతంలోని బాలికల బడికి చిన్నారులు పోలీసుల కాపలాతో వెళ్లాల్సివచ్చింది.

అలాంటిచోట, ప్రిన్సిపల్ కెవిన్ మెక్‌అరీవీ పిల్లలకు తత్వశాస్త్రం మొదలుపెట్టారు. సోక్రటీసు జీవితచరిత్ర బట్టీ పట్టించడం కాదు. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ‘మన కోపాన్ని ఇంకొకరి మీద చూపించొచ్చా?’ లాంటి ప్రశ్న బోర్డు మీద ఉంటుంది. ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వింటారు. ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలి. టీచరు మాత్రం జవాబు చెప్పరు! 2021లో వచ్చిన ‘యంగ్ ప్లేటో’ డాక్యుమెంటరీలో ఓ దృశ్యం ఉంది. తిరిగి కొట్టమని తండ్రి చెప్పిన పిల్లాడితో, ఆ తండ్రిలా తానే నటిస్తూ మాట్లాడతారు ప్రిన్సిపల్. నాన్నతో గొడవపడకుండానే నాన్న మాటను ప్రశ్నించడం ఎలాగో వాడికి అలా నేర్పుతారు.

ఈ పద్ధతికి ఆద్యుడు అమెరికా ప్రొఫెసర్ మాథ్యూ లిప్‌మన్. 1960ల్లో కొలంబియా విశ్వవిద్యాలయంలో తర్కం బోధిస్తున్నప్పుడు, కాలేజీకి వచ్చాక ఆలోచించడం నేర్పితే ఆలస్యమైపోతుందని ఆయనకు అనిపించింది. పిల్లలు తమంతట తామే తర్క సూత్రాలు కనిపెట్టే ఓ నవల రాశారు. 1974లో న్యూజెర్సీలోని మాంట్‌క్లేర్‌లో ఇందుకోసం ఓ సంస్థనే స్థాపించారు.

‘ఇంతకీ మార్కులు పెరుగుతాయా?’ అంటారా... ఇంగ్లండ్‌లో 48 బడుల్లో చేసిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. చదవడంలో, లెక్కల్లో పిల్లలు కాస్త ముందుకెళ్లారన్నారు. ఇంకా ఎక్కువ బడుల్లో చేసి 2021లో వెల్లడించిన పరీక్షలో మాత్రం ఆ తేడా కనిపించలేదు. అయితే పిల్లలు ధైర్యంగా మాట్లాడుతున్నారనీ, ఎదుటివారి అభిప్రాయాన్ని గౌరవిస్తున్నారనీ టీచర్లు చెప్పారు. ప్రోగ్రెస్ కార్డులో గడి లేని మార్కులివి!

తండ్రి వట్టిపోయిన ఆవుల్ని దానమిస్తుంటే ఊరుకోలేక ప్రశ్నించిన నచికేతుడు మనవాడే. విసిగిపోయిన ఆ తండ్రి, కొడుకుని యముడికిచ్చేస్తానన్నాడు. మనమూ అంతేగా... పిల్లలు ‘ఎందుకు?’ అంటే చాలు, ‘పెద్దవాళ్లకి ఎదురు చెబుతావా’ అని కసురుకుంటాం. ఈసారి ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ‘నువ్వేమనుకుంటున్నావ్?’ అని అడిగి చూడండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి కూడా!